గ్రూప్-2 వచ్చింది, అయినా పొద్దున నాలుగున్నరకే మెలకువ వస్తోంది

జనగామ_783
శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఐదేళ్లుగా ఉన్నాను. ఇన్నాళ్లూ పాలిటీ డౌట్లు, కరెంట్ అఫైర్స్ బిట్లే అడిగాను. ఈరోజు అడిగేది సిలబస్‌లో లేని విషయం. ఇంట్లో చెప్తే కంగారు పడతారు, ఆఫీసులో చెప్పుకునేంత చనువు ఇంకా లేదు.

2022 డిసెంబర్ చివర్లో తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ పడింది. 783 పోస్టులు. ఆ రాత్రే అశోక్‌నగర్ రూములో నా మంచం పక్క గోడ మీద పెన్సిల్‌తో 783 అని రాసుకున్నా. నా పేరులో ఆ అంకె అప్పటిదే. ఐదున్నర లక్షల మంది అప్లై చేశారు. పరీక్ష మొదట 2023 ఆగస్టు అన్నారు. తర్వాత నవంబర్, తర్వాత 2024 జనవరి, తర్వాత ఆగస్టు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో నాలుగు పేపర్లు, ఆరు వందల మార్కులకు రాశాం. ఈ రెండేళ్లూ నా రోజు ఒక్కటే. నాలుగున్నరకి అలారం, చిక్కడపల్లి లైబ్రరీ తెరవకముందే గేటు దగ్గర నిలబడటం, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, రాత్రి పదికి రూముకి. నలుగురం ఒకే గది.

2025 అక్టోబర్‌లో నియామక పత్రం అందింది. ఇంటికి తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు చదువు రాదు. "నీ పేరు ఏడుందో చూపియ్యి బిడ్డా" అంది. చూపిస్తే దాని మీద వేలు పెట్టి అట్లనే కూర్చుంది. ఆ రోజు సంతోషం అబద్ధం కాదు.

అది రెండు వారాలు ఉంది.

ఇప్పుడు ఒక మండలంలో పంచాయతీ అధికారిగా చేస్తున్నా. జీతం టైముకి వస్తోంది, నాన్న అప్పు తీరుతోంది. ఏ లోటూ లేదు. కానీ పొద్దున నాలుగున్నరకే మెలకువ వస్తోంది. అలారం తీసేసి చాలా రోజులైంది, అయినా వస్తోంది. లేచి మంచం మీద కూర్చుంటా. చదవాల్సిన పుస్తకం లేదు. ఆ గంటన్నర ఏం చేయాలో తెలియక గుండె దడగా ఉంటుంది.

ఉగాదికి ఇంటికి వెళ్తే పచ్చడి తింటూనే మేనమామ అడిగాడు, గ్రూప్-1 ఎప్పుడు రాస్తున్నావని. అత్తమ్మ నా పెళ్లి గురించి అడిగింది. ఇంకొకాయన ప్లాటు గురించి. గోడ మీద ఇంకో అంకె రాసుకోవాలన్నమాట. రాసుకుంటే ఈ దడ పోతుందని నాకూ తెలుసు. అది వచ్చాక? ఆ ఆలోచనకే భయమేసి ఇక్కడ రాస్తున్నా. సాధించినవాళ్లు ఎవరైనా చెప్పండి, మీకూ ఇట్లనే అయిందా?

---

ఇంకా_చదువుతున్నా
ఆదివారం, ఉదయం 6:15

అన్నా, కోపం తెచ్చుకోకు. నేను అదే పరీక్ష రాశాను. నాలుగు మార్కుల్లో పోయింది. ఇప్పుడు కూడా లైబ్రరీ మెట్ల మీద కూర్చొనే ఇది టైప్ చేస్తున్నా. మా నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఏం చెప్పాలో ముందే తయారు చేసుకుని ఎత్తుతా. నీ చేతిలో ఉన్నది నాకు కావాలి. నువ్వు అందులో ఏమీ లేదన్నట్టు రాస్తే నేను ఈ మెట్ల మీద ఎందుకు కూర్చున్నట్టు?

---

జనగామ_783
ఆదివారం, ఉదయం 6:32

తమ్ముడూ, అందులో ఏమీ లేదని నేను అనలేదు. అమ్మ వేలు పెట్టిన ఆ కాగితం విలువ నాకు తెలుసు. నువ్వు బాధపడేలా రాసి ఉంటే క్షమించు. నువ్వు ఆపొద్దు.

---

రిటైర్డ్_హెచ్ఎం_తెనాలి
ఆదివారం, ఉదయం 8:05

నాయనా, నీ ప్రశ్న కొత్తది కాదు. యయాతి కథ మీరంతా వినే ఉంటారు. శాపం వల్ల ముసలితనం వస్తే కొడుకు పూరుడి యవ్వనం అరువు తీసుకుని వెయ్యేళ్లు అన్నీ అనుభవించాడు. చివరికి కొడుక్కి యవ్వనం తిరిగిచ్చేస్తూ ఏమన్నాడు? కోరిక అనుభవిస్తే చల్లారేది కాదు, నెయ్యి పోసిన మంటలా ఇంకా లేస్తుంది అన్నాడు. వామనుడు బలి చక్రవర్తితో అన్నదీ అదే. దొరికిన కొంచెమే పదివేలు అనుకోనివాడికి ఏడు దీవులు ఇచ్చినా చాలవని.

ముప్పయ్యొక్క ఏళ్లు బడిలో పని చేశాను. ప్రతి ఏడూ పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు రావాలని లక్ష్యం. ఒక ఏడు వచ్చింది. సాయంత్రం అందరూ స్వీట్లు తిని వెళ్లిపోయాక ఖాళీ తరగతి గదిలో కాసేపు కూర్చున్నాను. వచ్చే ఏడు బ్యాచ్‌లో లెక్కల్లో వెనకబడ్డ పిల్లలు ఎంతమందో గుర్తొచ్చింది. సంతోషం వయసు అరపూట. అందుకని నీకు చెప్పేది, కోరికల్ని కొంచెం తగ్గించుకో.

---

ఆసు_ఇంటి_బిడ్డ
ఆదివారం, ఉదయం 9:48

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. యయాతి రాజు. బలి చక్రవర్తి. అన్నీ ఉన్నవాళ్లు చాలనుకోవడం వేరు, ఏమీ లేనివాళ్లను చాలనుకోమనడం వేరు. మా ఇంట్లో చాలనుకుని ఉంటే నేను ఇంజనీరింగ్ చదివేదాన్ని కాదు.

మాది పోచంపల్లి దగ్గర. పద్మశాలీలం. ఇక్కట్ చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. తెలియనివాళ్లకు చెప్తా. అర్ధచంద్రాకారంగా మేకులు దిగేసిన చెక్క ముందు కూర్చుని దారాన్ని ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. అది ఆడవాళ్ల పని. మా అమ్మ రోజుకు రెండు చీరలకు పోసేది. రాత్రి అన్నం కలుపుకోవడానికి చెయ్యి లేచేది కాదు, ఎడమ చేత్తో తినేది. చిన్నప్పుడు అమ్మకు ఎడమచేతి అలవాటు అనుకునేదాన్ని.

ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ పడే ఈ నొప్పి చూడలేక 1992లో మిషన్ మొదలుపెట్టి 1999కి పూర్తి చేశారు. ఏడేళ్లు. మధ్యలో అప్పులు, జనం మాటలు. ఆయన చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. మిషన్‌కు వాళ్ల అమ్మ పేరే, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ మిషన్ నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి అమ్మ కుడి చేత్తో పప్పన్నం కలుపుకుంటుంటే నేను అట్లనే చూస్తూ ఉండిపోయా. ఆ చూపుకు రెండు వారాల గడువేమీ లేదు, ఇప్పటికీ అట్లనే ఉంది.

అన్నా, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉందో లేదో తెలియదు. కానీ లక్ష్యాలన్నీ ఒక్క రకం కావు. కొన్ని మనల్ని ఒక చోటికి చేరుస్తాయి. కొన్ని ఒకరి నొప్పి తీరుస్తాయి. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

---

రిటైర్డ్_హెచ్ఎం_తెనాలి
ఆదివారం, ఉదయం 10:20

అమ్మా, ఒప్పుకుంటున్నాను. చెప్పేవాడి స్థితి, వినేవాడి స్థితి చూడకుండా చెప్పాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

---

సుధ_డల్లాస్
ఆదివారం, ఉదయం 11:02

ఇక్కడ అర్ధరాత్రి దాటింది. నిద్ర రాక చదువుతున్నాను.

తమ్ముడూ, నీది రెండేళ్ల గోడ. మాది పన్నెండేళ్లది. గ్రీన్‌కార్డుకు మా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మా చోటు పడిన తేదీ, 2012. ఈబీ-2లో, అంటే ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఒక కేటగిరీలో, ఇండియా క్యూ సంగతి ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు. కార్డు చేతికి వచ్చేసరికి 2024. ఈ పన్నెండేళ్లలో మా ఇంట్లో ప్రతి మాటా "కార్డు వచ్చాక" అనే మొదలయ్యేది. కార్డు వచ్చాక ఇల్లు. కార్డు వచ్చాక నేను ఉద్యోగం మానేసి సంగీతం మళ్లీ మొదలుపెడతా. కార్డు వచ్చాక నాన్న దగ్గర మూడు నెలలు ఉంటా.

నాన్న 2021 మేలో కోవిడ్‌తో పోయారు. వెళ్తే వీసా స్టాంపింగ్ అవుతుందో లేదో, తిరిగి రానిస్తారో లేదో అని వెళ్లలేదు. వీడియో కాల్‌లో చూశాను. ఫోను పట్టుకున్న మా చిన్నాన్న చెయ్యి వణుకుతుంటే నాన్న ముఖం సరిగా కనపడలేదు.

2024లో ఒక మధ్యాహ్నం కార్డు పోస్టులో వచ్చింది. కవరు చింపి చూసి, వంటింట్లో కౌంటర్ మీద పెట్టి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆపడానికి వెళ్లాను. సాయంత్రం మా ఆయన వచ్చి "వచ్చిందా!" అని అరిచేదాకా దాని సంగతే గుర్తులేదు. నాకేదో జబ్బు చేసిందనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఎవరికి చూపించాలనుకున్నానో ఆ మనిషి లేడు.

నువ్వు చెప్పిన దడ ఇదేనో కాదో నాకు తెలియదు. నిన్ను ఒక్కటే అడుగుతా. ఆ రెండేళ్లలో ఉద్యోగం వచ్చాక అని నువ్వు ఏమేం పక్కన పెట్టావు? అవి ఇంకా ఉన్నాయా? ఉంటే గ్రూప్-1 గురించి ఆలోచించే ముందు వాటి దగ్గరికి వెళ్లు.

---

సైకాలజీ_లెక్చరర్
ఆదివారం, మధ్యాహ్నం 1:30

సుధగారి పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాఠం చెప్పే అలవాటు కొద్దీ కొన్ని విషయాలు. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం ఒక చిన్న అధ్యయనం చేసింది. ఇలినాయ్ లాటరీలో పెద్ద మొత్తం గెలిచిన 22 మందిని, లాటరీ తగలని మామూలు మనుషుల్ని పోల్చారు. గెలిచినవాళ్లు ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితులతో మాట్లాడటం, టిఫిన్ తినడం లాంటి రోజువారీ విషయాల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది. దీన్ని అందరూ చెప్తారు. కానీ 22 మంది చాలా తక్కువ. 2020లో స్వీడన్ లాటరీ విజేతల మీద వచ్చిన పెద్ద అధ్యయనంలో గెలిచినవాళ్ల జీవిత సంతృప్తి ఏళ్ల తర్వాత కూడా ఎక్కువగానే ఉందని తేలింది. కాబట్టి "ఏం సాధించినా ఒకటే" అని సైన్స్ చెప్తోందనుకోవద్దు. ఆసు ఇంటి అమ్మాయి చెప్పింది నిజమే, నొప్పి తీరడం నిజమైన సుఖం.

కానీ జనగామ బాబు అడిగినదానికి దగ్గరగా ఇంకో సంగతి ఉంది. మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పనిలో, కావాలనిపించడం వేరు, దొరికాక బాగుండటం వేరు అని తేలింది. మెదడులో వాటి దారులు వేరు. డోపమైన్ అనే మెదడు రసాయనం ఎక్కువగా పని చేసేది మొదటి దానిలో. అంటే మనల్ని నాలుగున్నరకు లేపి పరిగెత్తించే యంత్రం ఒకటి, చేరాక కూర్చోబెట్టి అన్నం పెట్టేది ఇంకొకటి. రెండేళ్లు మొదటి యంత్రాన్నే నడిపారు. అది ఒక్కరోజులో ఆగదు. మీలో లోపం ఏమీ లేదు.

దడ, నిద్ర లేకపోవడం రోజూ ఉంటే మాత్రం ఒక డాక్టర్‌ని కలవండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

---

గురుకులం_పీడీ
ఆదివారం, సాయంత్రం 4:10

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని, ఆటల వైపు నుంచి చెప్తా.

అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. వ్యక్తిగత విభాగంలో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. తన జీవితంలో అతి పెద్ద మానసిక సంక్షోభం ఓడినప్పుడు కాదు, ఆ గెలుపు తర్వాతే వచ్చిందని ఆయనే బయటకు చెప్పాడు. ఏళ్ల తరబడి ఒక్క దాని కోసమే బతికాక, అది అయిపోయాక ఏం చేయాలో తెలియలేదన్నాడు. అయినా రైఫిల్ వదల్లేదు. 2016 రియోలో నాలుగో స్థానం, పతకానికి ఒక్క మెట్టు కింద ఆగాడు. జనం దాన్ని ఓటమి అంటారు. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఒలింపిక్ ఫైనల్ దాకా వచ్చి నిలబడటాన్ని నేను అలా అనలేను.

మన పూర్ణ సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, గురుకులం విద్యార్థిని. భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుని 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా ఖమ్మం కుర్రాడు ఆనంద్. మా పిల్లలకు బండ ఎక్కడం నేర్పేటప్పుడు మేము మొదట చెప్పేది, పైకి చేరితే సగం పనే అయింది అని. పైన కాళ్లు వణుకుతుంటాయి, మనసు అయిపోయిందనుకుంటుంది, అప్పుడే జారుతారు. దిగడం కూడా నేర్పాలి, తాడు పట్టుకునే పద్ధతి వేరు, పాదం పెట్టే పద్ధతి వేరు. మన చదువుల్లో, కోచింగుల్లో ఎక్కడం ఒక్కటే నేర్పుతారు. తమ్ముడు ఇప్పుడు దిగుతున్నాడు. దిగేటప్పుడు దడ రావడం మామూలే.

---

ఇంకా_చదువుతున్నా
ఆదివారం, రాత్రి 9:25

పొద్దున కోపంగా రాశాను అన్నా. రోజంతా ఈ పోస్టులు చదువుతూనే ఉన్నా. ఒకటి అడగొచ్చా? ఆ నలుగురి గదిలో మిగతా ముగ్గురు ఏమయ్యారు?

---

జనగామ_783
ఆదివారం, రాత్రి 10:50

తమ్ముడూ, నువ్వు అడిగింది, సుధక్క అడిగింది ఒకటే అనిపించింది. అందుకే జవాబు రాయడానికి ఇంత టైం పట్టింది.

ముగ్గురిలో ఒకరికి గ్రూప్-4 వచ్చింది. ఒకరు ఊరికి వెళ్లి మిర్చి వేస్తున్నాడు. మూడోవాడు ఇంకా అదే గదిలో ఉన్నాడు. రాత్రుళ్లు తెలంగాణ ఉద్యమ చరిత్ర వాడు చదివి వినిపిస్తే నేను పడుకుని వినేవాణ్ని, ఎకానమీ నేను చెప్తే వాడు రాసుకునేవాడు. రిజల్ట్ వచ్చిన రోజు వాడే నన్ను ఎత్తుకుని తిప్పాడు. ఉద్యోగంలో చేరాక నేను వాడికి రెండుసార్లే ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక. వాడి గొంతు వింటే నాకు తప్పు చేసినట్టు ఉంటుంది. పక్కన పెట్టినవాటిలో మొదటిది వాడేనక్కా.

ఇంకొకటి చెప్పాలి. ఇందాక పీడీ సార్ పోస్టు చదివాక గుర్తొచ్చింది, నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

పోయిన నెల ఒక ఊరికి తనిఖీకి వెళ్లా. నీళ్ల ట్యాంకు గోడ మీద ట్యాంకు కడిగిన తేదీ ఎర్ర రంగుతో రాసి ఉంది, నాలుగు రోజుల కిందటిది. సంతకం పెట్టి వచ్చేయొచ్చు. ఎందుకో నిచ్చెన ఎక్కి మూత తీసి చూశా. అడుగున మట్టి. ఫోను లైటు వేస్తే పైనుంచే కనిపించింది. ఎవరినీ ఏమీ అనలేదు. అప్పటికప్పుడు నీళ్లు వదిలించి, ఇద్దరు పనివాళ్లతో పాటు నేనూ లోపలికి దిగా. మూడు గంటలు పట్టింది. మళ్లీ నింపి బ్లీచింగ్ కలిపాక ఊరి చివర ఆఖరి నల్లా దగ్గర నీళ్లు పట్టి చిన్న గాజు గొట్టంలో పోసి క్లోరిన్ చూశాం. మందు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు రావాలి. వచ్చింది. ఆ నల్లా ఇంటి అవ్వ మా చేతుల్లో ఆ పసుపు నీళ్లు చూసి "ఇవి తాగొచ్చా సారూ" అని భయపడింది. ఇవి పరీక్షకే అవ్వా, నల్లాలోవి తాగు అని నల్లా కింద దోసిలి పట్టి ముందు నేను తాగి చూపించా.

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నా. మర్నాడూ నాలుగున్నరకే మెలకువ వచ్చింది. దడ మాత్రం లేదు. మిగతా ఐదు ఊళ్ల ట్యాంకుల్లో ఎన్నింటికి నిచ్చెన గట్టిగా ఉందో మనసులో లెక్క వేసుకుంటూ కూర్చున్నా. రెండు రోజుల తర్వాత మళ్లీ మామూలే. అందుకే అది జవాబు అని చెప్పడం లేదు. కానీ అట్లాంటి ఒక పొద్దు వచ్చిందని ఈ చర్చ లేకపోతే నాకు గుర్తే ఉండేది కాదు.

లెక్చరర్ గారూ, నంబర్ రాసుకున్నాను. రేపు చేస్తా.

---

సుధ_డల్లాస్
ఆదివారం, రాత్రి 11:08

ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి. తప్పు చేసినట్టు ఉన్నా సరే చెయ్యి. ఏం మాట్లాడాలో తెలియకపోతే తిన్నావా అని అడుగు.

---

ఆసు_ఇంటి_బిడ్డ
ఆదివారం, రాత్రి 11:15

ఆ ఐదు ఊళ్ల నిచ్చెనల సంగతి ఏమైందో కూడా ఇక్కడ రాయండి అన్నా. నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

---

జనగామ_783
సోమవారం, ఉదయం 4:52

రాత్రే చేశా అక్కా. వాడు ఎత్తగానే "ఏంరా ఆఫీసరూ, చచ్చినవనుకున్న" అన్నాడు. గంట మాట్లాడుకున్నాం. వాడు మళ్లీ రాస్తున్నాడు. వచ్చే ఆదివారం అశోక్‌నగర్ వస్తా అని చెప్పా. నా నోట్సు మొత్తం ఇంట్లో అటక మీద రెండు బస్తాల్లో ఉంది. ఒక బస్తా వాడికి.

ఇంకా చదువుతున్న తమ్ముడూ, రెండో బస్తా నీకు కావాలంటే చెప్పు. ఆ ఆదివారమే లైబ్రరీ గేటు దగ్గరికి తెస్తా. పొద్దున ఎనిమిదికల్లా.

---

ఇంకా_చదువుతున్నా
సోమవారం, ఉదయం 5:20

కావాలి అన్నా. ఎకానమీ తెలుగు మీడియంలోనే ఉందా? ఆర్థిక సర్వే కొత్త అంకెలు నేను రాసుకుంటాలే. ఎనిమిదికి గేటు దగ్గరే ఉంటా, నీలం బ్యాగు.